హాల్డేన్: ఆక్స్‌ఫర్డ్ నుంచి కాకినాడ దాకా

వేసవి సెలవుల్లో రాయపూర్ నుంచి విశాఖ రైలెక్కుతాం. మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ దాటి పార్వతీపురం వచ్చేసరికి ప్లాట్‌ఫారం మీద తెలుగు కేకలు వినిపిస్తాయి. మాలో కొందరికి సొంతూరు అక్కడే మొదలవుతుంది. ఇంకొందరం విశాఖ దాటి సామర్లకోటలో దిగి కాకినాడ వెళ్తాం. ఆ కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల ఉంది. ఇంగ్లండులో పుట్టిన ఒక పెద్ద శాస్త్రవేత్త అస్థిపంజరాన్ని అక్కడ భద్రపరిచారు. ఆయన కోరిక ప్రకారమే అది అక్కడికి చేరింది. ఆయన పేరు జె.బి.ఎస్. హాల్డేన్.

ఆయన కథ ఎందుకు రాస్తున్నామో ముందు చెప్పాలి. మేం పన్నెండో తరగతి జీవశాస్త్రం చదువుతున్న తెలుగు పిల్లలం. మాతో చదివే వాళ్లకు రక్త పరీక్షలు చేసి కార్డులిచ్చారు. ఛత్తీస్‌గఢ్‌లో కొడవలి కణాల వ్యాధి, అంటే అందరూ సికిల్‌సెల్ అనేది, ఎక్కువ. అందుకే ఇక్కడ ఇలాంటి పరీక్షలు మామూలే. మా స్నేహితుడొకడి కార్డు మీద ‘ఏఎస్’ అని వచ్చింది. ఆ రోజు నుంచి వాడు టిఫిన్ డబ్బా తీసుకుని విడిగా కూర్చోవడం మొదలుపెట్టాడు. మాలో ఇద్దరం వాడి నీళ్ల సీసా ముట్టుకోవడం మానేశాం. ఎవరూ ఏమీ అనలేదు. అయినా వాడికి అర్థమైంది.

పాఠంలో మెండెల్ బఠాణీల గురించి చదివాం, మార్కులు కూడా బాగానే వచ్చాయి. కానీ ఆ పాఠానికీ ఆ కార్డుకూ సంబంధం ఉందని మాకు తట్టలేదు. హాల్డేన్ గురించి చదివాక తట్టింది.

గనిలో పాఠం, ఇంట్లో గినీ పందులు

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ ఊపిరి గురించి, గనుల్లోని విషవాయువుల గురించి పరిశోధించిన పెద్ద శాస్త్రవేత్త. గనుల్లోకి కానరీ పిట్టల్ని తీసుకెళ్లి, అవి సొమ్మసిల్లితే మనుషులు వెంటనే బయటికి రావాలన్న పద్ధతిని ప్రచారం చేసింది ఆయనే.

ఆయన కొడుక్కి పాఠాలు పుస్తకంతో చెప్పలేదు. ఒకసారి పిల్లవాణ్ని బొగ్గు గనిలోకి తీసుకెళ్లి, పైకప్పు దగ్గర మీథేన్ వాయువు పేరుకున్న చోట నిలబెట్టి, షేక్స్‌పియర్ నాటకంలోని ఒక ప్రసంగం అప్పజెప్పమన్నారు. నాలుగు ముక్కలు చెప్పేసరికి పిల్లవాడి కాళ్లు తేలిపోయి కింద పడ్డాడు. కింద గాలి బాగానే ఉంది కాబట్టి వెంటనే తేరుకున్నాడు. మీథేన్ గాలికన్నా తేలికని, పైకి చేరుతుందని ఆ పిల్లవాడు జన్మలో మరిచిపోలేదు.

1901లో తండ్రి కొడుకుని మరో చోటికి తీసుకెళ్లారు. డార్బిషైర్ అనే యువ శాస్త్రవేత్త మెండెల్ సూత్రాల మీద ఉపన్యాసం ఇస్తున్నాడు. మెండెల్ తన బఠాణీ లెక్కలు 1865లో చెప్పి, 1866లో అచ్చు వేయించారు. ఎవరూ పట్టించుకోలేదు. 1884లో ఆయన చనిపోయారు. 1900లో ముగ్గురు శాస్త్రవేత్తలు విడివిడిగా అదే సంగతి కనుక్కుని, తమకంటే ముందే ఒక మఠవాసి ఇది చెప్పాడని గుర్తించారు. అంటే హాల్డేన్ విన్నప్పుడు ఆ సూత్రం లోకానికి తెలిసి ఏడాదే అయింది. అప్పటికి ఆయన వయసు ఎనిమిదేళ్లు.

తర్వాత ఈటన్ అనే పేరుమోసిన హాస్టల్ బడిలో చేర్చారు. తెలివైనవాడు, కొత్తవాడు. పెద్ద పిల్లలు బాగా ఏడిపించారు, కొట్టారు. ఆ రోజుల చేదు ఆయనకు చివరిదాకా పోలేదు. బదిలీ మీద బదిలీ అయ్యి, ఏటా కొత్త బెంచీ మీద కూర్చునే మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

సెలవుల్లో ఇంటికొస్తే మాత్రం ఆయనకు వేరే లోకం. చెల్లెలు నయోమి గినీ పందుల్ని పెంచేది. అన్నాచెల్లెళ్లు కలిసి ఏ రంగు దానికీ ఏ రంగు దానికీ జతకడితే ఎలాంటి పిల్లలు పుడుతున్నాయో రాసిపెట్టేవారు. జంతువుల సంఖ్య పెరిగి పెరిగి వందల్లోకి చేరింది. ఆ చెల్లెలే తర్వాత నయోమి మిచిసన్ పేరుతో పేరున్న రచయిత్రి అయింది.

రెండిట్లో ఒకటే

ఇంతకీ ఆ గినీ పందుల దగ్గర వాళ్లు చూసిన సూత్రం ఏమిటి? చిన్న తరగతుల వాళ్ల కోసం మళ్లీ మొదటి నుంచి చెప్తాం.

మన ఒంట్లో దాదాపు ప్రతి జన్యువూ జతగా ఉంటుంది. ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి వచ్చింది. ఆ జతలో రెండూ ఒకేలా ఉండొచ్చు, తేడాగానూ ఉండొచ్చు. ఒకే జన్యువుకున్న ఇలాంటి వేర్వేరు రూపాల్ని తెలుగులో యుగ్మవికల్పకాలు అంటారు. మన పాఠ్యపుస్తకంలో అల్లీల్స్ అని ఉంటుంది. బిడ్డ కోసం అండం, శుక్రకణం తయారయ్యేటప్పుడు ఈ జత విడిపోతుంది. ఒక్కో కణంలోకి రెండిట్లో ఒకటే వెళ్తుంది. ఏది వెళ్తుందన్నది బొమ్మాబొరుసు లాంటిది. దీన్నే పృథక్కరణ సూత్రం అన్నారు.

ఇందులో ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. జతలో ఉన్నంతకాలం అవి రెండూ ఒకదాన్నొకటి కలుషితం చేసుకోవు. పాలల్లో నీళ్లు కలిసినట్టు కలిసిపోవు. గుండ్రటి బఠాణీకి, ముడతల బఠాణీకి జతకడితే మెండెల్‌కు మొదటి తరంలో అన్నీ గుండ్రంగానే వచ్చాయి. ముడత పోయిందనుకోవాలి. కానీ ఆ గుండ్రటి వాటిని వాటితోనే జతకడితే 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి వచ్చాయి. దాదాపు మూడుకి ఒకటి. దాక్కున్న ముడత చెక్కుచెదరకుండా బయటికొచ్చింది.

దీన్ని మేం చింతపిక్కలతో ఆడి చూశాం. అష్టాచమ్మా ఆడటానికి నానమ్మలు చింతపిక్కల్ని అరగదీసి ఒకవైపు తెల్లగా, ఒకవైపు నల్లగా చేస్తారు కదా, అలాంటివి రెండు తీసుకోండి. ఒకటి అమ్మ, ఒకటి నాన్న. రెండూ కలిపి వెయ్యండి. వంద సార్లు వేసి రాయండి. రెండూ తెల్లగా పడేవి ఇంచుమించు పాతిక, రెండూ నల్లగా పడేవి పాతిక, ఒకటి తెలుపు ఒకటి నలుపు పడేవి యాభై. సరిగ్గా రావు గానీ దగ్గరగా వస్తాయి. ఎన్నిసార్లు ఎక్కువ వేస్తే అంత దగ్గరగా వస్తాయి.

ఇక్కడ మేం మొదట్లో ఒక తప్పు చేశాం. నాలుగులో ఒకటి అంటే మూడుసార్లు పడకపోతే నాలుగోసారి తప్పక పడుతుందనుకున్నాం. చింతపిక్కకు జ్ఞాపకం ఉండదు. ప్రతి పందెమూ కొత్తదే. ప్రతి బిడ్డ విషయంలోనూ అంతే.

మనిషికి క్రోమోజోములు 23 జతలు. ఒక్కో జతలో ఏది వెళ్లాలో విడిగా తేలుతుంది. లెక్క కడితే ఒకే మనిషి నుంచి 83,88,608 రకాల కూర్పులు వీలవుతాయి. మన పెద్దలు చెప్పే ఎనభై నాలుగు లక్షల జీవరాశులకు ఈ లెక్క దగ్గరగా రావడం కాకతాళీయమే గానీ, గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది. ఒకే తల్లికీ తండ్రికీ పుట్టిన అన్నాచెల్లెళ్లు ఎందుకు ఒకేలా ఉండరో కూడా ఇక్కడే తెలుస్తుంది.

ఒకే లారీలో ఎక్కిన పెట్టెలు

హాల్డేన్ ఆక్స్‌ఫర్డ్‌లో గణితం, గ్రీకు, లాటిన్ చదివి 1914 నాటికి మొదటి శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. ప్రపంచం మెచ్చిన ఈ జీవశాస్త్రవేత్తకు సైన్సులో డిగ్రీయే లేదు.

ఆయన డార్బిషైర్ ప్రచురించిన ఎలుకల లెక్కల్ని మళ్లీ చదివి ఒక వింత గమనించారు. రెండు లక్షణాలు విడివిడిగా పంచుకోకుండా కలిసికట్టుగా తరువాతి తరానికి పోతున్నాయి. స్నేహితుడు స్ప్రంట్‌తో, చెల్లెలు నయోమితో కలిసి ఎలుకల మీద ప్రయోగాలు చేశారు. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. హాల్డేన్ బ్లాక్ వాచ్ అనే దళంలో చేరి ఫ్రాన్సు వెళ్లారు. స్ప్రంట్ యుద్ధంలో చనిపోయాడు. 1915లో ముగ్గురి పేర్లతోనూ ఆ వ్యాసం అచ్చయ్యింది. పాలిచ్చే జంతువుల్లో జన్యువులు జట్టుగా వెళ్తాయని, అంటే సహలగ్నత ఉందని, చూపిన తొలి పరిశోధన అదే.

దీన్ని అర్థం చేసుకోవడం మనలాంటి వాళ్లకు సులువు. నాన్నకు బదిలీ ఉత్తర్వు వస్తే సామాను లారీకి ఎక్కిస్తాం. ఒకే లారీలో ఎక్కిన రెండు పెట్టెలు ఒకే ఊరు చేరతాయి. వేర్వేరు లారీల్లో ఎక్కినవి ఎటైనా పోవచ్చు. జన్యువులకు క్రోమోజోమే లారీ. ఒకే క్రోమోజోము మీద దగ్గర దగ్గరగా ఉన్న జన్యువులు కలిసి వెళ్తాయి. అయితే జతలోని రెండు క్రోమోజోములు విడిపోయే ముందు కొన్ని ముక్కలు మార్చుకుంటాయి. దారిలో ఒక లారీ నుంచి ఇంకో లారీకి పెట్టె మారినట్టు. జన్యువులు ఎంత దూరంగా ఉంటే మారే అవకాశం అంత ఎక్కువ. ఆ దూరాన్ని కొలవడానికి హాల్డేన్ 1919లో ఒక కొలమానానికి పేరు పెట్టారు. అదే సెంటీమోర్గాన్. ఇప్పటికీ ప్రపంచమంతా అదే వాడుతోంది.

యుద్ధంలో ఆయన ఫ్రాన్సులోనూ ఇరాక్‌లోనూ గాయపడ్డారు. కోలుకోవడానికి సైన్యం ఆయన్ని పంపింది మన దేశానికే. ఇక్కడి జీవితం నచ్చింది. కానీ తెల్లదొరగా, పాలకుడిగా మళ్లీ ఇక్కడికి రాకూడదని అనుకున్నారు. ఆ మాట నలభై ఏళ్లు నిలబెట్టుకున్నారు.

తన ఒంటి మీద ప్రయోగాలు

యుద్ధం తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లోనూ, 1923 నుంచి కేంబ్రిడ్జిలోనూ, ఆ తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీలోనూ పనిచేశారు. తండ్రి దగ్గర నేర్చిన పద్ధతి వదల్లేదు. ఏ ప్రయోగమైనా ముందు తన ఒంటి మీదే. రక్తంలో ఆమ్లత్వం పెరిగితే ఏమవుతుందో చూడటానికి అమ్మోనియం క్లోరైడ్ కలిపిన నీళ్లు తాగారు. 1939 జూన్‌లో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోతే, వాళ్లు ఎలా చనిపోయారో తెలుసుకోవడానికి ఇరుకు గదిలో తలుపులు మూయించుకుని చెడిన గాలి పీల్చారు. ఒత్తిడి ప్రయోగాల్లో ఆయన కర్ణభేరులు చిల్లులు పడ్డాయి.

ఇంకోవైపు కాగితం, పెన్సిలుతో ఆయన చేసిన పని అంతకన్నా పెద్దది. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణానికీ మెండెల్ సూత్రానికీ గణితంతో ముడివేసిన ముగ్గురిలో ఆయన ఒకరు. మిగతా ఇద్దరు ఫిషర్, రైట్. 1937లో జూలియా బెల్‌తో కలిసి వర్ణాంధత్వం, హీమోఫిలియా జన్యువులు రెండూ మనిషి ఎక్స్ క్రోమోజోము మీద దగ్గరగా ఉన్నాయని చూపారు. ఎలుకల్లో కనిపించిన జట్టు ప్రయాణం ఇక్కడ మనుషుల్లోనే కనిపించింది.

అదే కాలంలో జర్మనీలో నాజీలు, అమెరికాలో కొన్ని రాష్ట్రాలు ఒక ఘోరం చేస్తున్నాయి. వంశంలో జబ్బు ఉందన్న పేరుతో మనుషులకు పిల్లలు పుట్టకుండా బలవంతంగా ఆపరేషన్లు చేసేవారు. అలా చేస్తే జబ్బు జాతి నుంచి మాయమవుతుందని వాదన. హాల్డేన్ ఆ వాదనను లెక్కలతో ఎదుర్కొన్నారు. ఆ లెక్క మనమూ వేయొచ్చు. పదివేల మందిలో ఒకరికి వచ్చే ఒక అంతర్గత జబ్బు తీసుకోండి. రెండు జన్యువులూ ఆ రకానివైతేనే జబ్బు బయటపడుతుంది. అప్పుడు ఒక్క జన్యువునే మోస్తూ ఆరోగ్యంగా తిరిగేవాళ్లు దాదాపు 200 మంది ఉంటారు. జబ్బుపడిన మనిషి దగ్గర ఆ జన్యువులు రెండు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల దగ్గర దాదాపు 200. రోగిని శిక్షిస్తే ఆ జన్యువు నూటికి ఒక వంతు తగ్గుతుంది, అంతే. మిగతాదంతా మనందరిలోనూ దాక్కుని ఉంటుంది. జత విడిపోయే సూత్రం తెలిసినవాడెవడూ ఒక మనిషిని చూపించి లోపమంతా ఇతనిదే అనలేడు.

హాల్డేన్ అన్ని వేళలా ఇంత ధైర్యంగా లేరని కూడా రాయాలి. ఆయన కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. 1948లో సోవియట్ రష్యా మెండెల్ జన్యుశాస్త్రాన్నే అబద్ధమని ప్రకటించింది. అంతకు ఐదేళ్ల ముందే, 1943లో, ఆయన్ని ఒకప్పుడు అతిథిగా పిలిచిన మహా శాస్త్రవేత్త వావిలోవ్ అక్కడి జైల్లో చనిపోయారు. హాల్డేన్ గట్టిగా ఖండించాల్సినప్పుడు తటపటాయించారు. తర్వాత పార్టీకి దూరమయ్యారు గానీ ఆ ఆలస్యం ఆయన జీవితంలో మచ్చగానే మిగిలింది. నీళ్ల సీసా ముట్టుకోని రోజు మేమూ నోరు తెరవలేదు కాబట్టి ఈ ముక్క వదిలేసి రాయబుద్ధి కాలేదు.

మలేరియా చెప్పిన జవాబు

ఇప్పుడు మన రాయపూర్ కార్డు దగ్గరికొద్దాం. రక్తానికి ఎరుపు రంగునిచ్చే హీమోగ్లోబిన్ తయారీకి ఒక జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంది. దాని మామూలు రూపం ‘ఏ’. అందులో ఒక్క అక్షరం మారితే ‘ఎస్’. రెండూ ‘ఎస్’ అయితే ఎర్ర రక్తకణాలు కొడవళ్లలా వంకరపోయి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. విపరీతమైన నొప్పులు, రక్తహీనత వస్తాయి. అది నిజంగా కష్టమైన వ్యాధి. ఒకటి ‘ఏ’, ఒకటి ‘ఎస్’ అయితే మనిషి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు. వాహకుడు మాత్రమే, రోగి కాదు.

ఇంత హానిచేసే జన్యువు తరాలు గడిచినా ఎందుకు తుడిచిపెట్టుకుపోలేదు? ఇలాంటి ప్రశ్నకు దారి చూపింది హాల్డేనే. మధ్యధరా తీరాల్లో థలసీమియా అనే మరో రక్తవ్యాధి ఎక్కువ. ఆ తీరాల్లోనే మలేరియా కూడా ఎక్కువ. ఒక్క జన్యువు మోసేవాళ్లకు మలేరియా నుంచి రక్షణ దొరుకుతోందేమోనని 1949లో ఆయన రాశారు. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో పరీక్షించి, సికిల్‌సెల్ విషయంలో అది నిజమని చూపారు. ‘ఏఎస్’ పిల్లలు మలేరియాను తట్టుకుని బతికారు.

ఛత్తీస్‌గఢ్ అడవుల్లో మలేరియా ఎంత పాతదో ఇక్కడి పెద్దల్ని అడిగితే చెప్తారు. మన ఆంధ్ర ఏజెన్సీలోనూ అంతే. మందులు లేని రోజుల్లో ఎందరో ముత్తాతలు, ముత్తవ్వలు ఆ ఒక్క ‘ఎస్’ వల్లే బతికి ఉంటారు. అది సిగ్గుపడాల్సిన మచ్చ కాదు, పాత యుద్ధం మిగిల్చిన గుర్తు. అంటుకునే రోగం అసలే కాదు. అమ్మానాన్నల నుంచి తప్ప ఇంకెవరి నుంచీ రాదు. నీళ్ల సీసా నుంచి రాదు.

కార్డు ఎందుకంటే, తల్లీ తండ్రీ ఇద్దరూ ‘ఏఎస్’ అయితే మన చింతపిక్కల లెక్కే. ప్రతి బిడ్డకూ నాలుగో వంతు అవకాశం వ్యాధి రావడానికి, నాలుగో వంతు రెండూ ‘ఏ’ రావడానికి, సగం మళ్లీ ‘ఏఎస్’ కావడానికి. ముందే తెలిస్తే డాక్టర్ల సలహా తీసుకోవచ్చు, పుట్టిన బిడ్డకు వెంటనే పరీక్ష చేయించి వైద్యం మొదలుపెట్టొచ్చు. హైడ్రాక్సీయూరియా లాంటి మందులు నొప్పుల దాడులు తగ్గిస్తాయి. రాయపూర్‌లో ఇందుకోసమే ప్రత్యేకంగా సికిల్‌సెల్ సంస్థ ఉంది. 2023 జులై 1న పక్క రాష్ట్రం మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభమైంది. 2047 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలన్నది లక్ష్యం.

ఆఖరి బదిలీ

1957లో హాల్డేన్ లండన్ ఉద్యోగం వదిలి భార్య హెలెన్ స్పర్వేతో కలిసి మన దేశానికి వచ్చేశారు. అంతకు ముందటి సంవత్సరం బ్రిటన్ ఈజిప్టు మీద దాడి చేయడం ఆయనకు నచ్చలేదు. మహలనోబిస్ పిలుపు మీద కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరారు. కుర్తా, పైజామా వేసుకున్నారు, మాంసం మానేశారు, తర్వాత భారత పౌరసత్వమూ తీసుకున్నారు. 65వ ఏట ఒక మనిషి తనంతట తాను కోరుకున్న బదిలీ అది.

ఇక్కడి కుర్రాళ్లకు ఆయన నేర్పింది ఖరీదైన యంత్రాల సైన్సు కాదు. కళ్లు, నోటు పుస్తకం, లెక్క ఉంటే చాలన్నారు. ఒక శిష్యుడు పారిజాతం పూల రేకులు లెక్కపెట్టాడు. ఇంకొకాయన కొబ్బరిచెట్టు ఆకులు కుడికి తిరిగాయా ఎడమకు తిరిగాయా అని చూశారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన దగ్గర చేరి మగవాళ్ల చెవుల మీద మొలిచే వెంట్రుకలు వంశంలో ఎలా నడుస్తాయో పరిశోధించారు. ఆంధ్రలో మేనరికాల మీద కూడా లెక్కలు సేకరించారు. తర్వాత హాల్డేన్ జీవిత చరిత్ర కూడా రాశారు.

మేనరికం మన ఇళ్లల్లో మామూలు మాట. జన్యువుల లెక్కలో దాని అర్థం ఇది. మేనత్త, మేనమామ పిల్లలు పెళ్లి చేసుకుంటే, ఒకే ముత్తాత నుంచి వచ్చిన ఒకే జన్యువు అటూ ఇటూ తిరిగి బిడ్డలో జతగా కలిసే అవకాశం ఒక్కో జన్యువుకు 16లో 1. మేనమామ, మేనకోడలు అయితే 8లో 1. ఏదో ఒక తరంలో విడిపోయిన జత ఇంకో తరంలో మళ్లీ కలుస్తుందన్నమాట. ఇది తెలుసుకోవడానికి పెద్దల్ని తప్పుపట్టక్కర్లేదు, లెక్క తెలిస్తే చాలు.

1962లో బిజూ పట్నాయక్ పిలిస్తే హాల్డేన్ భువనేశ్వర్ వెళ్లి జన్యుశాస్త్ర ప్రయోగశాల మొదలుపెట్టారు. కొద్దికాలానికే క్యాన్సర్ అని తేలింది. దాని మీద ఆయన హాస్య కవిత రాసి అచ్చు వేయించారు. నవ్వించి అయినా జనాన్ని సకాలంలో డాక్టరు దగ్గరికి పంపాలన్నది ఉద్దేశం. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. బతికినంతకాలం తన ఒంటి మీద ప్రయోగాలు చేసుకున్న మనిషి, చనిపోయాక కూడా ఆ ఒళ్లు విద్యార్థులకే పనికిరావాలన్నారు. అలా ఆయన శరీరం భువనేశ్వర్ నుంచి కాకినాడ వచ్చింది.

ఆయనకు పిల్లలు లేరు. ఆయన జతల్లో ఏవీ విడిపోయి ఇంకో తరానికి పోలేదు. కానీ ఆయన లెక్కలు రాయపూర్‌లో ఒక కార్డు మీద రెండు అక్షరాలు చదవడానికి మాకు పనికొచ్చాయి.

మా స్నేహితుడికి అవన్నీ చెప్పి, ఆ ఇద్దరం తప్పైందన్నాం. వాడు పెద్దగా ఏమీ అనలేదు. మర్నాడు టిఫిన్ డబ్బా తెచ్చి మా మధ్యలోనే తెరిచాడు. ఈ వేసవిలో వాడి నాన్నగారికి బదిలీ అయింది. కొత్త బడిలో కార్డు సంగతి చెప్పాలా వద్దా అని అడిగాడు. అది వాడిష్టం, వాడి రక్తం సంగతి ఎవరికి చెప్పాలో వాడే తేల్చుకోవాలన్నాం. కానీ వాడు చెప్పిన రోజు ఆ బడిలో పక్క బెంచీ మీద కూర్చున్నవాళ్లకు ఈ పాఠం ముందే తెలిసి ఉంటే బాగుంటుంది. ఈ పత్రిక చదివేవాళ్లలో ఎవరి పక్కన ఎవరు వచ్చి కూర్చుంటారో చెప్పలేం కదా. అందుకే రాశాం.